క్లోమగ్రంథి చరిత్రము

మన శరీరములో గుండె, ఊపిరితిత్తులు, కాలేయము కలవని అందరు నెరుగుదురు. బాధ కలిగినప్పుడు వాని పేరు చెప్పియే వైద్యునకు చూపుకొందురు. కాని కడుపునకు వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డముగా పరుండియున్న మరియొక గ్రంథి కలదు. దాని పొడవు జానెడు లోపు. తూకము సుమారు ఎనిమిది తులములు. దానిని క్లోమమందురు. ఈ శబ్దము మన ప్రాచీన వైద్యగ్రంథములలో ఉన్నది గాని, అక్కడ అది ఏ అవయవమును తెలుపునో యను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. నేటి తెలుగు శాస్త్రగ్రంథములలో మాత్రము ఈ గ్రంథికే ఆ పేరు స్థిరపడినది. ఇంత చిన్న గ్రంథి చెడినచో మనుజుడు కడుపునిండ తినుచునే యెండిపోవును. దాని పని యేమో గ్రహించుటకు మానవజాతికి రెండువేల యేండ్లకు పైగా పట్టినది. గ్రహించిన పిమ్మట మందు తీయుటకు మరి ముప్పది రెండేండ్లు పట్టినది. ఆ యాలస్య మెందుకు కలిగెనో, మందు ఎట్లు లభించెనో, ఆ మందు సూది రూపముననే యెందుకు పుచ్చుకొనవలసి వచ్చెనో మీకు విన్నవించుటయే నా యీ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట ఒక విశేషము. రోగము మన పెద్దలకు తెలిసెను; రోగము పుట్టు చోటు తెలియలేదు. సుశ్రుత సంహితలో ఇరువది విధములైన ప్రమేహములు వర్ణింపబడినవి. వానిలో మధుమేహ మొకటి. మూత్రము తేనెవలె నుండును గనుక దాని కాపేరు వచ్చెను. అట్టి మూత్రమునకు చీమలు పట్టుటను మన వైద్యులు గమనించిరి. అంతటితో నాగక, పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యము వలన వచ్చునది మరియొకటి యని సుశ్రుతుడు విభజించెను. మొదటి రోగి కృశించి, దాహముతో బాధపడుచుండును. రెండవ రోగి స్థూలకాయుడు, తిండిపోతు, కదలికకు ఇష్టపడనివాడు. ఈ విభాగమును జ్ఞాపకముంచుకొనుడు. దీని ప్రసక్తి మరల వచ్చును. ఐరోపాలో 1776వ సంవత్సరమున లివర్పూలు నగర వైద్యుడు మాథ్యూ డాబ్సను అట్టి రోగి మూత్రమును ఇగిరించి, అడుగున మిగిలినది చక్కెరయే యని చూపెను. రోగి రక్తము కూడ తీయగా నుండునని అతడే చెప్పెను. కాని ఆ చక్కెర రక్తములో నిలిచిపోవుటకు కారణమేమో అతనికిని తెలియలేదు. కొందరు మూత్రపిండములను, కొందరు కడుపును, కొందరు కాలేయమును నిందించిరి. నిజమైన స్థానమును అనుమానించిన వారు చాల అరుదు.

ఇక గ్రంథి సంగతి. గ్రీకులు దీనికి ‘అంతయు మాంసమే’ యను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఎముక గాని మృదులాస్థి గాని లేని మెత్తని ముద్దగా వారికి అది కనబడెను. రెండవ శతాబ్దపు మహావైద్యుడు గాలెను అది రక్తనాళములకు ఆనికగా అమర్చిన దిండు వంటిదని తలచెను. ఆ మాటయే వందల యేండ్లు చెల్లెను. 1642వ సంవత్సరము మార్చి 2వ తేదీన ఇటలీ దేశమునందలి పాదువా నగరములో విర్సుంగు అను జర్మను పండితుడు, ఉరితీయబడిన ఒకని దేహమును కోసి చూచుచుండగా, క్లోమము పొడవునను ఒక సన్నని కాలువ కనబడెను. అది సిరయో ధమనియో అతనికి బోధపడలేదు. ఏలయన దానిలో రక్తము ఎన్నడును కానరాలేదు. అతడు దాని చిత్రమును రాగిరేకుపై చెక్కించి, అచ్చువేసి, నానాదేశ పండితులకు పంపి, ఇది యేమో చెప్పుడని అడిగెను. సమాధానము రాకమునుపే మరుసటి సంవత్సరమున అతడు తన ఇంటి ముంగిట హత్య చేయబడెను.

ఆ కాలువలో పారునది రక్తము కాదు, ఒక రసము. 1664లో హాలండు దేశపు రెన్యే ద గ్రాఫు అను ఇరువది మూడేండ్ల యువకుడు కుక్క క్లోమపు కాలువలో పక్షి యీక గొట్టమును అమర్చి ఆ రసమును సేకరించెను. ఆ మీదట రెండు వందల యేండ్లకు పారిసు నగరమున క్లోదు బెర్నారు అను శాస్త్రజ్ఞుడు ఆ రసము నేతిని, నూనెను, క్రొవ్వును పాలవలె విరిచి జీర్ణము చేయునని నిరూపించి, 1856లో క్లోమముపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. మానవ శరీరములో ఈ రసము దినమునకు లీటరున్నర వరకు ఊరును. దీనితో క్లోమమునకు పని దొరకినది; అది జీర్ణకారి గ్రంథి. అందరును తృప్తిపడిరి. అదే పొరపాటు. ఒక యింటి వాకిట గానుగ ఆడుచుండగా, లోపలి గదిలో మరియొకరు మగ్గము నేయుచున్నారని బాటసారి యెట్లు ఊహించును?

ఆ లోపలి గది తలుపును మొదట తట్టినవాడు ఇరువది యొక్క యేండ్ల విద్యార్థి. 1869లో బెర్లిను నగరమున పాల్ లాంగర్హాన్సు అను నతడు తన పట్టపు వ్యాసము కొరకు కుందేటి క్లోమమును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించెను. రసమూరు కణముల నడుమ, సముద్రములో దీవులవలె, వేరు రూపముగల చిన్న కణముల గుంపులు చెదరియుండుట కనుగొనెను. వాని పని యేమో తనకు తెలియదని నిజాయితీతో వ్రాసెను. ఆ పిమ్మట క్షయరోగము పాలై, మదీరా ద్వీపమునకు చేరి, 1888లో నలుబది యేండ్ల ప్రాయమున చనిపోయెను. మనుష్యుని క్లోమములో ఇట్టి దీవులు పది లక్షల వరకు కలవు. అన్నియు కలిపినను గ్రంథి తూకములో నూటికి రెండు పాళ్లకు మించవు. మనుజుని బ్రదుకు మాత్రము వానిపై నాధారపడియున్నది.

లాంగర్హాన్సు మరణించిన మరుసటి యేడు, అనగా 1889లో, స్ట్రాస్బర్గు నగరమున మింకోవ్‌స్కి, ఫాన్ మెరింగు అను ఇద్దరు వైద్యులు క్రొవ్వు జీర్ణమగుటను గూర్చి వాదించుకొని, క్లోమము లేకున్న నేమి జరుగునో చూడవలెనని ఒక కుక్క శరీరమునుండి ఆ గ్రంథిని పూర్తిగా తీసివేసిరి. కుక్క బ్రదికెను గాని, మాటిమాటికి మూత్రము విడువసాగెను. మింకోవ్‌స్కి ఆ మూత్రమును పరీక్షింపగా దానినిండ చక్కెర! క్రొవ్వు కొరకు వెదకినవారికి మధుమేహము దొరకినది. మింకోవ్‌స్కి అంతటితో ఆగలేదు. గ్రంథిని తీయక కాలువను మాత్రము కట్టివేయగా మధుమేహము రాలేదు. గ్రంథిలోని చిన్న ముక్కను కుక్క చర్మము క్రింద నాటి, తక్కిన గ్రంథిని తీసివేసినను రాలేదు; ఆ ముక్కను తీసివేసిన వెంటనే వచ్చినది. కాబట్టి క్లోమము కాలువ వెంట ప్రేగునకు పంపు రసము వేరు, తిన్నగా రక్తములోనికి విడుచు సారము వేరు. 1893లో ఫ్రాన్సు దేశపు లగెస్సు ఆ రెండవ సారము పుట్టునది ఈ దీవులలోనే కావచ్చునని సూచించి, వానికి లాంగర్హాన్సు పేరే పెట్టెను. 1901లో అమెరికాలో యూజీను ఓపీ మధుమేహముతో చనిపోయిన వారి క్లోమమున ఈ దీవులు చెడియుండుటను చూపెను. ఇంకను ఎవ్వరి కంటను పడని ఆ సారమునకు 1909లో బెల్జియము దేశపు ద మేయరు ముందుగానే ఇన్సులిన్ అను పేరు పెట్టెను. దీవి యను అర్థముగల లాటిను పదమునుండి ఆ పేరు వచ్చినది.

ఈ సారము చేయు పని యేమి? మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. రక్తము ఊరి వీధివంటి దనుకొనుడు. ధాన్యపు బండ్లు వీధి పొడవునను నిలిచియున్నను, ఇండ్ల తలుపులు తీయనిచో లోపలివారు పస్తుందురు. ఆ తలుపులు తీయించునది ఇన్సులిన్. అది లేనప్పుడు చక్కెర వీధిలో పేరుకొని మూత్రము వెంట పోవును. చక్కెరతో నీరు పోవును గనుక దాహము తీరదు. లోపల ఆకలిగొన్న శరీరము తన కండలను, క్రొవ్వును తానే కరగించుకొనును. క్రొవ్వు విపరీతముగా కరగినప్పుడు ఆమ్లములు పుట్టి రక్తమును విషము చేయును. రోగి ఆయాసపడి, స్పృహ తప్పి, మరణించును.

కారణము తెలిసినది, చోటు తెలిసినది, పేరు కూడ పెట్టిరి. ఇక కసాయివాని యొద్దనుండి క్లోమమును తెచ్చి, నూరి, సారము పిండి రోగి కెక్కించుటయే కదా? అక్కడనే చిక్కు వచ్చినది. ఇన్సులిన్ మాంసకృత్తుల జాతికి చెందిన పదార్థము. మాంసకృత్తులను జీర్ణము చేయుటయే క్లోమపు మొదటి రసమునకు పని. గ్రంథిని నూరిన క్షణమున ఆ రసము ఈ సారమును కూడ తినివేయును. పాలకుండను, పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు మూసినట్లు! నోట మ్రింగించిన నేమి? కడుపులోను, ప్రేగులోను అదే గతి పట్టును. మాత్రగా నీయక సూదితో నెందుకు ఎక్కింతురని మన గ్రామములలో తరచుగా అడుగుట నేను విందును. వైద్యుని మూర్ఖత గాని, మందులో వేడిమి గాని దానికి కారణము కాదు. మన కడుపునకు ఇన్సులినును మాంసముగా గాక మందుగా గుర్తించు శక్తి లేదు, అంతే.

ముప్పది యేండ్లు అనేకులు ఈ గోడకు తలలు కొట్టుకొనిరి. 1908 ప్రాంతమున బెర్లిను వైద్యుడు జ్యూల్జరు తాను తీసిన సారమును కొందరు రోగుల కెక్కించెను. గుణము కనబడెను గాని, జ్వరము, వణకు మొదలగు ఉపద్రవములు వచ్చుటచే విడువవలసివచ్చెను. రుమేనియా దేశపు పౌలెస్కు 1916లోనే మంచి సారమును సిద్ధము చేసి కుక్కలపై పరీక్షించెను. నడుమ మహాయుద్ధము వచ్చుటచే ఆ పని ఆగి, ఫలితములు 1921లో గాని ప్రకటింపబడలేదు. ఈలోపల రోగులకు దిక్కేమి? న్యూయార్కు నగరమున ఆలెను అను వైద్యుడు కఠినమైన ఉపవాస పథ్యమును నడపుచుండెను. ఆహారము తగ్గించినకొలది చక్కెర తగ్గును, ప్రాణము కొన్ని మాసములు నిలుచును. పిల్లలు ఎముకల గూళ్లై మంచము పట్టియుందురు. ఆకలిచే చచ్చుటయో, రోగముచే చచ్చుటయో తలిదండ్రులు కోరుకొనవలసిన కాలమది.

అట్టి సమయమున కెనడా దేశమున ఒక రైతు బిడ్డ ఈ కథలో ప్రవేశించెను. అతని పేరు ఫ్రెడరిక్ బాంటింగు. యుద్ధములో గాయపడి తిరిగివచ్చిన శస్త్రవైద్యుడు; రోగులు రాక ఇబ్బంది పడుచుండినవాడు. 1920 అక్టోబరు చివరి రాత్రి, మరుసటి పాఠమునకై చదువుచుండగా అతనికొక యూహ తట్టెను. కాలువను కట్టివేసినచో రసమూరు కణములు క్రమముగా ఎండిపోవును, దీవులు మిగులును. అప్పుడు సారమును తీయవచ్చును గదా! అనగా ముందుగా పిల్లిని చంపి, పిమ్మట పాలు తీయుట. టొరంటో విశ్వవిద్యాలయమున మెక్లియడు అను ఆచార్యుడు మొదట సందేహించియు, పనిచేయుటకు గదిని, కుక్కలను, చార్లెసు బెస్టు అను విద్యార్థిని ఇచ్చెను. 1921 మే నెలలో పని ప్రారంభమయ్యెను. ఎండకాలమంతయు ఎన్నియో కుక్కలు చనిపోయినవి. జూలై 30వ తేదీన సారము ఎక్కించిన కుక్క రక్తములో చక్కెర తగ్గెను. ఆ మూగజీవుల ప్రాణములను లెక్కింపక ఈ కథ చెప్పుట ధర్మము కాదు.

ఇక్కడ చిత్రమేమనగా, కాలువను కట్టవలసిన పనియే లేదని వారికి త్వరలో తెలిసివచ్చెను. సారాయి ద్రవములో మామూలు పశువుల క్లోమమును కరగించి తీసినను సారము నిలుచుచున్నది. బాంటింగు ఊహ అనవసరమైనదే. ఆ యూహ పుట్టించిన పట్టుదల మాత్రము అవసరమైనది. డిసెంబరులో జేమ్సు కాలిపు అను రసాయనజ్ఞుడు చేరి, ఆ ద్రవపు పాళ్లను మార్చి మార్చి మలినములను వేరు చేయుటకు పూనుకొనెను.

1922 జనవరి 11వ తేదీన టొరంటో ఆసుపత్రిలో లియొనార్డు థాంప్సను అను బాలునకు, బాంటింగు, బెస్టు చేసిన సారమును మొదటిసారి సూదితో ఎక్కించిరి. ఆ బాలుని తూకము 65 పౌండ్లు మాత్రమే. మృత్యువునకు చేరువగా నుండెను. ఫలితము నిరాశాజనకము. చక్కెర కొంచెము తగ్గెను. సూది గ్రుచ్చిన చోట పుండు లేచెను. ఆపివేసిరి. పండ్రెండు దినముల పిమ్మట, జనవరి 23న, కాలిపు శుద్ధి చేసిన సారమును ఎక్కించిరి. మూత్రములోని చక్కెర దాదాపు మాయమయ్యెను, ఆమ్లములు పోయెను, బాలుడు లేచి కూర్చుండెను. అతడు మరి పదమూడేండ్లు జీవించి 1935లో ఊపిరితిత్తుల వ్యాధితో మరణించెను.

1923లో నోబెలు బహుమానము బాంటింగునకును, మెక్లియడునకును వచ్చెను. బెస్టును విడిచిరని బాంటింగు కోపించి, తన సొమ్ములో సగము అతని కిచ్చెను. మెక్లియడు తన సగమును కాలిపున కిచ్చెను. పౌలెస్కునకు ఏమియు దక్కలేదు. కీర్తికై తగవులాడిన వీరే సొమ్ము విషయమున చూపిన ఔదార్యమును చెప్పవలెను. బాంటింగు, బెస్టు, కాలిపు మువ్వురును ఈ మందుపై తమకు గల హక్కును 1923 జనవరిలో తలకొక డాలరు పుచ్చుకొని విశ్వవిద్యాలయమునకు వ్రాసి యిచ్చిరి. ఒక్క వ్యాపారి చేతిలో మందు చిక్కుకొనకూడదని వారి తలంపు. ధర అధికమగుటచే ఆ మందు పేదలకు అందని దేశములు నేటికిని ఉండుట విచారకరము.

అటుపిమ్మట ఆరు దశాబ్దములు ఇన్సులిన్ ఆవుల, పందుల క్లోమములనుండియే వచ్చెను. 1936లో లండనులో హిమ్సువర్తు రోగులు రెండు తెగలని పరీక్షలతో చూపెను. ఒక తెగ శరీరములు ఇన్సులినునకు చక్కగా లోబడును. రెండవ తెగ శరీరములు లోబడవు. మొదటి తెగవారు సామాన్యముగా పిన్నలు, కృశించినవారు. రెండవ తెగవారు పెద్దలు, స్థూలకాయులు. సుశ్రుతుని విభాగము మీకు జ్ఞాపకము వచ్చును. 1955 నాటికి ఇంగ్లండులో శాంగరు ఇన్సులినులోని ఏబది యొక్క తునియల వరుసను పూర్తిగా విప్పి, 1958లో నోబెలు బహుమానమును పొందెను. డోరతీ హాడ్జ్‌కిను 1935లో మొదలిడిన పని 1969లో ఫలించి దాని ఆకారము తెలిసెను. ఆ బృందములో మన దేశపు ఎమ్. విజయను పాల్గొనెను. 1978లో అమెరికాలో శాస్త్రజ్ఞులు మనుష్యుని ఇన్సులినునకు సంబంధించిన జన్యువును సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టి, దానిచేతనే ఆ మందును తయారు చేయించిరి. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేయగా సూక్ష్మజీవులు పాలను పెరుగు చేయుట మీరెరిగినదే. అట్టి జీవులకే క్రొత్త పని నేర్పిరి. 1982లో అది విపణికి వచ్చెను. నేటి ఇన్సులిన్ చాలవరకు ఇట్టిదే. కావున పశుమాంసపు శంకచే దానిని త్రోసిపుచ్చుటకు కారణము లేదు.

క్లోమమునకు వచ్చు రోగము మధుమేహ మొక్కటియే కాదు. ఆ జీర్ణరసము ప్రేగును చేరకముందే గ్రంథిలోనే పనికి పూనుకొనినచో క్లోమము తన్ను తానే జీర్ణించుకొనును. ఈ భయంకరమైన కడుపునొప్పిని 1889లో బోస్టను వైద్యుడు ఫిట్జు వివరించెను. అందలి స్వయంజీర్ణమును 1896లో కియారి చెప్పెను. పైత్యకోశపు రాళ్లు, మద్యపానము దీనికి ముఖ్యకారణములు. మద్యము నెరుగని పిన్నవారికి కూడ క్లోమములో రాళ్లు పుట్టి, నొప్పియు మధుమేహమును కలుగుట మన దక్షిణ దేశమున ఎక్కువగా కనబడెను. కేరళ వైద్యుడు గీవర్గీసు దీనిపై 1968లో గ్రంథమును వెలువరించెను. క్లోమములో తొందరపడు రసమును అణచు కావలివాని వంటి పదార్థ మొకటి సహజముగా నుండును. ఆ పదార్థపు జన్యువులోని లోపము ఈ రోగులలో అనేకులకు ఉన్నదని హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ పరిశోధకులు 2002లో ప్రకటించిరి.

ఇక చివరి మాట. ఇన్సులిన్ రోగమును నిర్మూలింపదు. అది ఊతకర్ర వంటిది, పట్టుకొనినంతకాలము నడిపించును. 1966లో అమెరికాలో ఒకరి క్లోమమును మరియొకరికి నాటిరి. 2000లో కెనడాలో దీవులను మాత్రమే నాటి ఏడుగురు రోగులకు సూది మాన్పించిరి. కాని నాటినదానిని శరీరము త్రోసివేయకుండ బలమైన మందులను వాడుచునే యుండవలెను. అందువలన ఈ మార్గము ఇంకను అందరికి తగినది కాలేదు.

ఇంటి పెద్దలగు మీకు నేనీ చరిత్రమును చెప్పుటకు కారణము కలదు. ‘సూది పట్టినదనగా ఇక అంతే’ యను మాట మన గ్రామములలో వినబడుచున్నది. ఆడపిల్లకు సూది యున్నదని తెలిసినచో సంబంధము రాదని దాచువారు కలరు. వ్రతమునకో, ఊరు దాటిన మూలికకో, ఒంట్లో బాగున్నదను ధైర్యమునకో పిల్లవాని సూదిని మాన్పువారును కలరు. మొదటి తెగ మధుమేహముగల బిడ్డకు సూది మాన్పుట యనగా 1922కు పూర్వపు రోజులలోనికి ఆ బిడ్డను త్రోయుటయే. కొన్ని దినములలో ప్రాణము పోవచ్చును. పెద్దవారిలో రెండవ తెగకు పథ్యము, నడక, మాత్రలు చాలకాలము చాలవచ్చును. అదికూడ వైద్యుడు చెప్పవలసినదే గాని ఇరుగుపొరుగువారు కాదు. ఇంటిలో పిల్లవాడు మాటిమాటికి నీరు త్రాగుచు, మూత్రమునకు లేచుచు, తినుచునే చిక్కిపోవుచున్నచో, దిష్టి తగిలినదని దినములు గడుపక, ఆనాడే రక్తము పరీక్ష చేయింపుడు. సూది పుచ్చుకొనువారికి చెమట పట్టి వణకు వచ్చినచో, స్పృహ ఉండగనే చక్కెర గాని బెల్లము గాని తినిపింపుడు. మందును ఎండలో పెట్టక చల్లని చోట నుంచుడు.

లియొనార్డు తండ్రి 1922లో, ఇంకను చక్కగా పరీక్షింపబడని మందును తన బిడ్డకు ఎక్కించుటకు సమ్మతించెను. అతనికి ఫలితము తెలియదు. మనకు నూరేండ్ల ఫలితము తెలియును. కావున మన యిండ్లలో ఆ సమ్మతి నిచ్చుటకు వెనుదీయవలసిన పని లేదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.